ఒకే పీసీలో మూడు ఓఎస్‌లు: డీటీపీ షాపులో కొన్నేళ్లు వాడాక

ఒంగోలు కర్నూలు రోడ్డులో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, ఫ్లెక్సీ డిజైన్లు, చీమకుర్తి గ్రానైట్ వాళ్ల జీఎస్టీ రిటర్నులు, ఏది వస్తే అది చేస్తాం. అన్నీ ఒక్క పీసీ మీదే. అందులో ఓఎస్‌లు (పీసీని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లు) మూడు: విండోస్ 10 ఒకటి, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఒకటి, మింట్ లోపల వర్చువల్‌బాక్స్‌లో (పీసీ లోపలే ఇంకో పీసీని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ ఎక్స్‌పీ ఒకటి. 2020 జనవరిలో విండోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయిన దగ్గర్నుంచి ఈ ఉమ్మడి కాపురమే నడుస్తోంది.

ఈ రోజుల్లో ఎక్స్‌పీ ఏంటని నవ్వకండి. పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షనే లేదు. మా పాత శుభలేఖలు, సావనీర్లు అన్నీ అందులోనే, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, ఏ పీసీలోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు కాబట్టి ఆ మేటర్ తీసుకెళ్లి ఇంకోచోట పేస్ట్ చేస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తాయి. "మా అన్న పెళ్లికార్డు మీ దగ్గరే కొట్టించాం, పేర్లు మార్చి అదే ఇయ్యన్నా" అంటూ టంగుటూరు నుంచో కొత్తపట్నం నుంచో ఎవరో ఒకరు వస్తానే ఉంటారు. ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్ ఇచ్చా, దానికది ఎక్కువే. నెట్ మాత్రం ఇవ్వలేదు. 2014 ఏప్రిల్‌తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి మరి. ప్రింటర్‌ని కూడా దానికి తగిలించలేదు. పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేస్తే మింట్ నుంచి ప్రింట్ తీసుకుంటాను. మొత్తం ఎక్స్‌పీ హార్డ్‌డిస్కు మీద ఒక పెద్ద ఫైలే కాబట్టి దాని కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. మూడింటిలో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టనిది ఇదే.

అసలు తలనొప్పి విండోస్, మింట్ మధ్య రీస్టార్టే. డ్యూయల్ బూట్ (ఒకే పీసీలో రెండు ఓఎస్‌లు వేసి, ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకోవడం) చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఎస్‌ఎస్‌డీ ఉన్నా సరే, తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, రీస్టార్ట్ కొట్టి, మెనూలో విండోస్ ఎంచుకుని, ఫ్లెక్సీలు డిజైన్ చేసే కోరెల్‌డ్రా తెరుచుకునేలోపు కౌంటర్ దగ్గర మనిషి "ఏందన్నా ఇంకా కాలా, బస్సు పోద్ది" అంటాడు. అందుకని పనిని బట్టి కాకుండా పూటను బట్టి విడగొట్టుకున్నా. పొద్దున రద్దీ అంతా మింట్‌లో: స్కానింగ్, టైపింగ్, దరఖాస్తులు. భోజనాలయ్యాక విండోస్‌లో ఫ్లెక్సీలు, జీఎస్టీ. డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్లు విండోస్‌లోనే తేలిగ్గా పనిచేస్తున్నాయి. పూటకోసారి మారితే చాలు అనుకునేవాళ్లకు డ్యూయల్ బూట్ సరిపోద్ది. గంటకోసారి మారాలంటే వద్దు, వర్చువల్ మెషీన్ పెట్టుకోండి.

చిన్న చిన్న మెలికలు ఉన్నాయి. మింట్‌లో పనిచేసి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైము) రాస్తే, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. మధ్యాహ్నం రెండున్నరకి పొద్దున తొమ్మిది చూపిస్తే బ్యాంకు సైట్లు కూడా మొరాయిస్తాయి. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) కమాండుతో లోకల్ టైముకు మారిస్తే తీరిపోతుంది. అలాగే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డ్రైవ్‌లో ఫైలు రాయడానికి లినక్స్ ఒప్పుకోదు. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే బూట్ సెట్టింగుల జోలికి పోకముందే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి.

విండోస్, మింట్ రెండూ ఒకే డిస్కులో వద్దు. రెండో ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనుక్కుని విడివిడిగా వేసుకుంటే, ఒకదాని బూట్‌లోడర్ (ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రాం) చెడినా రెండోది దాని డిస్కు నుంచి లేస్తుంది. అయినా అన్నిటికీ ఇది రక్ష కాదు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్‌లోడర్లనే లేవనిచ్చే కాపలా) జాబితాను మార్చడంతో చాలామంది డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్ లేవనే లేదు. ఆ జాబితా డిస్కులో ఉండదు, మదర్‌బోర్డులో ఉంటుంది.

మింట్‌లో నాకు బాగా నచ్చింది తెలుగు టైపింగ్. ఎం17ఎన్ (m17n) అనే భాషల టైపింగ్ ప్యాకేజీ వేసుకుంటే ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ (ఏ మీటకు ఏ అక్షరం అనే అమరిక) దొరుకుతుంది. అనులో ఆపిల్ మీద చెయ్యి పడిన మాలాంటి వాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ కొత్తగా నేర్చుకునే పని లేదు. లిబ్రెఆఫీస్‌లో మండలి, రామభద్ర, సూరన్న ఫాంట్లు శుభ్రంగా వస్తాయి. ఇప్పుడు కొత్త శుభలేఖల మేటర్ అంతా యూనికోడ్‌లోనే కొడుతున్నా. పార్టీకి వాట్సాప్‌లో ప్రూఫ్ పంపితే అక్కడే తప్పులు దిద్ది తిరిగి పంపుతున్నారు.

ఇక మిగిలిన గొడవ విండోస్ 10ది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరితే 2026 అక్టోబర్ దాకా లాగొచ్చు. నాది ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్, విండోస్ 11 కనీసం ఎనిమిదో తరం అడుగుతుంది. ఇప్పుడున్న 8 జీబీ ర్యామ్‌తో విండోస్ 10ని కూడా వర్చువల్‌బాక్స్‌లోకి తోస్తే, పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిచినప్పుడు కోరెల్ నత్తనడక నడుస్తోంది. ముందు ర్యామ్ 16 చేసి చూస్తా. అప్పటికీ లాగలేకపోతే కోరెల్ కోసం కొత్త పీసీ తప్పదు, ఎక్స్‌పీ మాత్రం మింట్‌లోనే ఉంటుంది.