ఏది మేలు? జెనరేటివ్ మోడలింగ్‌కి సమ్మర్ స్కూలా, ఇంట్లో కుర్చీయా?

ఫిబ్రవరి వచ్చిందంటే మా లాబ్‌లో ఇదే పంచాయితీ. జెనరేటివ్ మోడలింగ్ అంటే, ఉన్న బొమ్మల్నో మాటల్నో చూసి అలాంటివే కొత్తవి పుట్టించే మోడళ్ళు తయారుచెయ్యడం. ఈసారి ఇద్దరు జూనియర్లు. ఒకడు పీహెచ్‌డీ మొదటి ఏడాది, కోర్సువర్క్ ఇంకా నడుస్తోంది. ఒకమ్మాయి మూడో ఏడాది, పాత తెలుగు అచ్చుపుస్తకాల్లో చెదిరిపోయిన అక్షరాలను బాగుచేసే మోడల్ మీద పనిచేస్తోంది. ఇద్దరూ యూరప్‌లో వారం రోజులు జరిగే ఒకే సమ్మర్ స్కూల్ చూపించి, "అక్కా, అప్లై చెయ్యమంటావా?" అన్నారు. అమ్మాయిని చెయ్యమన్నాను, వాణ్ణి వద్దన్నాను. వాడు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. ఈ దారులన్నీ నేను ఒక్కోసారి తొక్కి చూసినదాన్నే కాబట్టి, ఎందుకలా చెప్పానో రాస్తున్నాను.

ముందు సరుకు ఏముందో చూద్దాం. ఒకే అంశం పట్టుకుని వారం రోజులు సాగే స్కూళ్ళు ఒక రకం. జెనరేటివ్ మోడలింగ్ సమ్మర్ స్కూల్ అనే పేరుతోనే 2023లో కోపెన్‌హాగెన్ దగ్గర, 2024లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో జరిగింది. మెషిన్ లెర్నింగ్ మొత్తాన్నీ చుట్టబెట్టే స్కూళ్ళు రెండో రకం. వీటిలో పాతది 2002లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో మొదలైన ఎంఎల్ఎస్ఎస్ (మెషిన్ లెర్నింగ్ సమ్మర్ స్కూల్). తూర్పు యూరప్ వాళ్ళ ఈఈఎంఎల్ 2023లో స్లొవేకియాలో, 2024లో సెర్బియాలో పెట్టారు. మూడోది మన దగ్గరే, ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ విజన్ లాబ్ సీవీఐటీ వాళ్ళు నడిపే వేసవి బడి లాంటివి. నాలుగోది ఇల్లు: ఫ్యాను, కుర్చీ, యూట్యూబ్.

పాఠం వరకూ అయితే ఇల్లే గెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో స్టెఫానో ఎర్మాన్ చెప్పిన డీప్ జెనరేటివ్ మోడల్స్ కోర్సు, బర్క్లీలో పీటర్ అబీల్ వాళ్ళు చెప్పిన అన్‌సూపర్వైజ్డ్ లెర్నింగ్ కోర్సు, 2025 జనవరిలో ఎంఐటీలో, నాయిజ్ (అడ్డదిడ్డమైన చుక్కలు) నుంచి మెల్లగా బొమ్మ తీసే ఫ్లో మ్యాచింగ్, డిఫ్యూజన్ పద్ధతుల మీద నడిచిన చిన్న కోర్సు, అన్నీ ఉచితంగా ఉన్నాయి. చెప్పేవాళ్ళు కూడా ఆషామాషీ మనుషులు కారు. 2019లో స్కోర్ (ఎటు జరిపితే బొమ్మ నిజం బొమ్మలకి దగ్గరవుతుందో చెప్పే దిశ) పద్ధతితో బొమ్మలు పుట్టించిన పేపర్‌లో ఎర్మాన్ పేరుంది, 2020లో డిఫ్యూజన్‌ని అందరి నోళ్ళలో నానేలా చేసిన డీడీపీఎం పేపర్‌లో అబీల్ పేరుంది. మంటపెట్టిన వాళ్ళే వంట నేర్పుతుంటే ఇక విమానం ఎక్కి వినాల్సిందేముంది?

పైగా స్కూల్లో వేగం సంగతి. కింగ్మా, వెల్లింగ్‌ల వీఏఈ (బొమ్మని కొన్ని అంకెలకి కుదించి, వాటినుంచి డీకోడర్‌తో మళ్ళీ గీసే మోడల్) 2013 చివర్లో వచ్చింది. గుడ్‌ఫెలో గాన్ (రెండు నెట్‌వర్కుల పోటీతో బొమ్మలు నేర్చే మోడల్) 2014. నార్మలైజింగ్ ఫ్లోలు (వెనక్కి తిప్పగల అంచెలతో నాయిజ్‌ని బొమ్మగా మార్చేవి), డిఫ్యూజన్ తొలి పేపర్ రెండూ 2015. ఫ్లో మ్యాచింగ్ 2022. దాదాపు పదేళ్ళ పని అయిదు రోజుల్లో గొంతులో పోస్తారు. రియల్ ఎన్‌వీపీ అనే ఫ్లో మోడల్‌లో జాకోబియన్ మాత్రిక త్రిభుజాకారంలో ఉండేలా ఎందుకు మలిచారో (డిటర్మినెంట్ తీయడం అంటే కర్ణం మీది సంఖ్యల్ని గుణించడమే అయిపోతుంది కదా, అందుకు) అక్కడ మూడు నిమిషాల్లో దాటేశారు. డీడీపీఎంలో నాయిజ్‌ని ఊహించడమూ, స్కోర్‌ని ఊహించడమూ ఒక గుణకం తేడాతో ఒకటే పని అనే సంగతి నాకు ఒంటబట్టడానికి ఇంట్లో వారం పట్టింది, కాగితాలు ఓ దస్తా అయిపోయాయి. ఆ వారం ముందే గడిచి ఉండకపోతే, స్కూల్లో ఆ పాఠం నాకు బొమ్మల కొలువే.

చేత్తో చేసే పని విషయంలోనూ ఇంటికే నా ఓటు. స్కూళ్ళలో మధ్యాహ్నం లాబ్ అంటే ఎవరో ముచ్చటగా రాసిన నోట్‌బుక్. మధ్యలో నాలుగు ఖాళీలు ఉంటాయి, నింపితే బొమ్మ వచ్చేస్తుంది. నేను ఇంట్లో కాగుల్ వెబ్‌సైటు ఇచ్చే ఉచిత జీపీయూ మీద డీడీపీఎం మొదటినుంచి రాసుకున్నాను. పేపర్‌లో ఉన్నట్టే 1000 అంచెలు, బీటా (ఒక్కో అంచెలో కలిపే నాయిజ్ మోతాదు) 0.0001 నుంచి 0.02 దాకా. రెండు రోజులు బూడిదరంగు ముద్ద తప్ప ఏమీ రాలేదు. చివరికి చూస్తే, పిక్సెల్ విలువల్ని మైనస్ ఒకటి నుంచి ఒకటి మధ్యకి తేవడం మర్చిపోయాను. 0 నుంచి 255 దాకా ఉన్న అంకెల ముందు ఆ నాయిజ్ ఏ మూలకొస్తుంది? ఆ రెండు రోజుల విసుగులో ఫార్వర్డ్ ప్రాసెస్ (నాయిజ్ కలుపుతూ పోయే సగం) నాకు అర్థమైనంత ఏ ఖాళీలు నింపినా అర్థమయ్యేది కాదు.

ఇంటికున్న జబ్బు ఒక్కటే, అందరికీ తెలిసిందే: మూడో వీడియో దగ్గర ఆగిపోయిన ప్లేలిస్టు. దీనికి నాకు పనిచేసిన మందు, ముగ్గురం కలిసి శనివారం పొద్దున బోర్డు ముందు నిలబడటం. ఎవరి వంతొస్తే వాళ్ళు వీఏఈకి మూలమైన ఎల్బో సూత్రం డెరివేషన్ చూడకుండా రాయాలి. తప్పితే అందరికీ టీ.

మరి ఇంత తిట్టి, మూడో ఏడాది అమ్మాయిని వెళ్ళమని ఎందుకన్నాను? పోస్టర్ కోసం. అక్కడ ఎవరి పనిని వాళ్ళు పోస్టర్‌గా గోడకి పెట్టి, వచ్చినవాళ్ళకి చెప్పే పూట ఒకటి ఉంటుంది.

నేను వెళ్ళినప్పుడు నాదీ అక్షరాల గొడవే. తెలుగు అక్షరాల బొమ్మలతో ఒక వీఏఈ నేర్పించాను. మామూలు అక్షరాలు బాగానే వచ్చేవి. "లక్ష్మి"లో మకారవత్తు మాయం. "స్త్రీ"లో కింద ఏదో మసక. డీకోడర్ చాలట్లేదనుకుని పొరలు పెంచుకుంటూ పోయాను, ఆరు నెలలు అలాగే పోయాయి. మా గైడ్ కంప్యూటర్ విజన్ మనిషే గానీ ఈ మోడళ్ళ మీద ఆయన స్వయంగా పనిచెయ్యలేదు. పోస్టర్ ముందు ఒకతను కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు. వాతావరణ అంచనాల మీద పీహెచ్‌డీ అట, తెలుగు ఒక్క అక్షరం రాదు. బొమ్మలు కాసేపు చూసి, "కేఎల్‌ని ఒక్కో డైమెన్షన్‌కీ విడివిడిగా గీసి చూశావా?" అన్నాడు. చూడలేదు. (కేఎల్ అంటే, కుదించిన అంకెలు ముందే అనుకున్న పంపిణీ, అంటే ప్రయర్, నుంచి ఎంత దూరం జరిగాయో కొలిచేది.) ఆ రాత్రే హాస్టల్ గదిలో కూర్చుని గీశాను. 64 డైమెన్షన్లలో, అంటే ఆ కుదించిన అంకెల్లో, బతికున్నవి తొమ్మిది. మిగతావన్నీ ప్రయర్‌లో కలిసిపోయి నిద్రపోతున్నాయి.

మర్నాడు అతనే టిఫిన్ దగ్గర కూర్చోబెట్టి చెప్పాడు. వత్తు అంటే బొమ్మలో గుప్పెడు పిక్సెళ్ళు. దాన్ని వదిలేస్తే మోడల్‌కి పడే జరిమానా చిన్నది. గుర్తుపెట్టుకోవాలంటే కట్టాల్సిన కేఎల్ సుంకం దానికంటే పెద్దది. మోడల్ లెక్కలో వత్తు దండగ ఖర్చు. డీకోడర్‌కి పొరలు పెంచితే లాభం లేకపోగా, లేటెంట్‌తో (ఆ కుదించిన అంకెలతో) పనిలేకుండానే అది సొంతంగా నెట్టుకొచ్చేస్తుంది. కేఎల్ బరువు సున్నా దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచమన్నాడు. ఆ ఉపాయం చెప్పిన పేపర్ నేను అంతకుముందే చదివాను! చదివాను గానీ నా రోగానికి అదే మందని తట్టలేదు.

అదే పోస్టర్ దగ్గర ఇంకొకామె, అక్షరాల మీద, పుట్టించిన బొమ్మల నాణ్యత కొలిచే ఎఫ్ఐడీ స్కోర్ ఎందుకు వేశావని నిలదీసింది. అది ఇమేజ్‌నెట్ ఫొటోల మీద నేర్చుకున్న ఇన్సెప్షన్ నెట్‌వర్క్‌తో కొలిచేది, కుక్కలూ పిల్లులూ తెలిసినదానికి గుణింతం ఏం తెలుస్తుంది? నిజమే. పైగా నేను కొలిచింది రెండువేల బొమ్మలతో, అది కొలిచే ఫీచర్లే 2048, వాటికి ఆ బొమ్మలు చాలవు. ఒక టేబుల్ మొత్తం కొట్టేసి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని చదివే ప్రోగ్రామ్) ఎన్ని అక్షరాలు సరిగ్గా చదవగలిగిందో లెక్కపెట్టి మళ్ళీ వేశాను.

ఇంట్లో ఏ వీడియో నన్ను ఆ ప్రశ్నలు అడగదు. కానీ ఇక్కడ మెలిక ఉంది. నా దగ్గర చెడిపోయిన మోడల్ ఒకటి ఉంది కాబట్టి ఆ వారం పనికొచ్చింది. అదే స్కూల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళలో మొదటి ఏడాది వాళ్ళూ ఉన్నారు. పోస్టర్ పూట వాళ్ళు సమోసాల్లాంటివేవో తింటూ గోడవారగా నిలబడ్డారు. పాపం, ఏం అడగాలో తెలియాలి కదా.

ఇక డబ్బు. 2023 జనవరి నుంచి పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ జూనియర్‌కి (జేఆర్ఎఫ్) నెలకి 37,000, సీనియర్‌కి (ఎస్ఆర్ఎఫ్) 42,000 రూపాయలు. టికెట్, గది, ఫీజు, వీసా, తిండి కలిపి నాకా వారానికి నాలుగు నెలల ఫెలోషిప్ పోయింది. షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, దానికి తోడు 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు గానీ, సెలెక్ట్ అయ్యామని ఉత్తరం రాకుండా ఏం చూపించి చేస్తాం? ఆ ఉత్తరం వచ్చేసరికి అపాయింట్‌మెంట్లు ఉండవు. నా పాస్‌పోర్టు ప్రయాణానికి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. అప్పటిదాకా మా అమ్మ మొక్కని దేవుడు లేడు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ (పీఎంఆర్ఎఫ్) ఉన్నవాళ్ళకి ఏడాదికి రెండు లక్షల గ్రాంట్ ఉంటుంది కాబట్టి వాళ్ళ గుండె ఇంత వేగంగా కొట్టుకోదు.

యూరప్ మిత్రులు "తప్పకుండా వెళ్ళు" అంటారు. వాళ్ళ లెక్క వేరు. డెన్మార్క్‌లో పీహెచ్‌డీ మూడేళ్ళు, అందులో 30 ఈసీటీఎస్ (యూరప్ చదువుల లెక్క) క్రెడిట్ల కోర్సులు పూర్తి చెయ్యాలి. సమ్మర్ స్కూల్‌కి వెళ్తే రెండో మూడో క్రెడిట్లు అందులో జమ. వాళ్ళకిది రైలు టికెట్టు, ఒక కోర్సు. మనకి కోర్సువర్క్ డిపార్ట్‌మెంట్‌లోనే అయిపోతుంది, ఆ క్రెడిట్లు తెచ్చి గోడకి వేలాడదీసుకోవాలి. డెల్ఫ్ట్‌లోనో మ్యూనిక్‌లోనో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్ళు ఇంత ఆలోచించక్కర్లేదు, రైలెక్కెయ్యండి.

మన దగ్గరి స్కూళ్ళ గురించి. జెనరేటివ్ మోడళ్ళే నేర్చుకోవాలనుకుంటే ఇవి పలచన. అన్నీ చెప్పాలి కాబట్టి మన అంశానికి ఒకటి రెండు పూటలు దక్కుతాయి. పక్కనున్నవాళ్ళలో బీటెక్ పిల్లలూ ఉంటారు, ఉద్యోగస్తులూ ఉంటారు, పాఠం అందరికీ అందేలా సాగుతుంది. అయినా వీటిని తీసిపారెయ్యను. జిల్లాలో ఒక యూనివర్సిటీలో ఒంటరిగా ఈ పని చేస్తున్నవాళ్ళకి, డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ లేటెంట్ అనే మాట పట్టనిచోట, ఇదే అన్నిటికంటే మేలు. రాత్రి బస్సెక్కి వచ్చెయ్యొచ్చు. అక్కడ దొరికిన మనిషి మళ్ళీ మన దేశపు విజన్ సదస్సు ఐసీవీజీఐపీలో కనిపిస్తాడు, మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తుతాడు. నాకు కాఫీ కప్పు అతను ఆ తర్వాత రెండు మెయిళ్ళకి జవాబిచ్చాడు, అంతే. హైదరాబాద్‌లో పరిచయమైన ఒక స్నేహితురాలితో ఇప్పటికీ కలిసి పేపర్లు చదువుతున్నాను.

యూరప్‌లో జరిగే అన్నీ కలిపిన స్కూళ్ళకి మాత్రం, జెనరేటివ్ మోడళ్ళ కోసమే అయితే, నాలుగు నెలల జీతం పెట్టొద్దు. టాపిక్ ఇంకా తేలనివాళ్ళకీ, వాళ్ళే ఖర్చు భరిస్తామన్నప్పుడూ తప్ప.

అందుకే మావాడికి ఈ వేసవి ఇల్లే. మే, జూన్ నెలలు. వీఏఈ, ఫ్లో, డిఫ్యూజన్ మూడూ ఒకే చిన్న డేటా మీద, లైబ్రరీ అరువు తెచ్చుకోకుండా సొంతంగా రాయాలి. శనివారం బోర్డు ముందుకి రావాలి. డబ్బులు ఖర్చుపెట్టక తప్పదని చేతులు దురదపెడితే హైదరాబాద్ స్కూల్‌కి కట్టమన్నాను.

అమ్మాయి పోస్టర్‌లో మంచి బొమ్మలన్నీ పైన పెట్టి, చెడినవి కింద మూలకి తోసింది. తిరగెయ్యమన్నాను. పాత అచ్చులో సిరా అలికిన చోట మోడల్ లేని అక్షరాన్ని కల్పిస్తోంది, "ధర్మము" కాస్తా "ఘర్మము" అవుతోంది. ధర్మానికి చెమటలు పడుతున్నాయన్నమాట. నిలబడి చూసేవాళ్ళు ఆగాల్సింది అక్కడే. గుడ్డ మీద ప్రింట్ వేయించుకుంటే మడిచి బ్యాగ్‌లో పెట్టుకోవచ్చని కూడా చెప్పాను. గైడ్ సిఫారసు ఉత్తరం మాత్రం ఇవాళే అడగమన్నాను. ఆయన రాయడానికి రెండు వారాలు తీసుకుంటారు, గడువు పద్దెనిమిది రోజులే ఉంది.