ఉచిత డెస్క్‌టాప్ యాప్‌లు దించుకునేవాళ్లకి హెచ్చరిక: సెటప్ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

డెస్క్‌టాప్ మీద గడియారం పెట్టుకోవడానికి, ఐకాన్లు మార్చుకోవడానికి, స్క్రీన్ మీద కనిపించే రంగు కోడ్ తెలుసుకోవడానికి చిన్న చిన్న ఉచిత యాప్‌లు వాడేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

నేను దించుకున్నది ఫోల్డర్లకి రంగులు వేసే ఒక బుల్లి యాప్. అది దొరికింది తయారుచేసినవాళ్ల సైట్‌లో కాదు, వేలకొద్దీ యాప్‌లు పోగేసి పెట్టే ఒక డౌన్‌లోడ్ సైట్‌లో. దిగిన ఫైల్ కూడా అసలు యాప్ కాదు, దాన్ని తెచ్చిపెడతానని చెప్పే వేరే ఇన్‌స్టాలర్. నెక్స్ట్ నొక్కుతూ పోతే మధ్యలో ఇంకేదో సాఫ్ట్‌వేర్ ఒప్పందం వచ్చింది. ‘అంగీకరిస్తున్నాను’ బటన్ పెద్దగా, పచ్చగా ఉంది. ‘వద్దు’ అన్నది పక్కన బూడిద రంగులో, పనిచేయని బటన్‌లా ఉంది. అలాంటివి వచ్చిన ప్రతిసారీ వద్దనే నొక్కాను. అయినా బ్రౌజర్‌లో కొత్త ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) చేరిపోయింది, సెర్చ్ ఇంజిన్ మారిపోయింది.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. ఆ ఎక్స్‌టెన్షన్‌ని తీసేద్దామంటే తీసేసే బటనే లేదు. బ్రౌజర్ మెనూలో ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కొత్తగా ఒక వరుస వచ్చింది. అది నా సొంత కంప్యూటర్, ఏ సంస్థదీ కాదు. ఆఫీసుల్లో ఐటీ వాళ్లు ఉద్యోగుల బ్రౌజర్లకి నియమాలు పెట్టడానికి వాడే పాలసీ సౌకర్యం ఒకటి ఉంటుంది. ఆ ఇన్‌స్టాలర్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) అలాంటి పాలసీనే రాసి, ఎక్స్‌టెన్షన్‌ని నేను తీయలేకుండా చేసింది. యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాక కూడా ఆ ఎక్స్‌టెన్షన్ పోలేదు. వెతికితే టాస్క్ షెడ్యూలర్‌లో, కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా నడిచే పని ఒకటి దొరికింది. రిజిస్ట్రీలో ఆ పాలసీ, షెడ్యూలర్‌లో ఆ పని, రెండూ చెరిపేస్తేనే పీడ వదిలింది. మీ సొంత కంప్యూటర్‌లో ఆ ‘సంస్థ’ మాట హఠాత్తుగా కనిపిస్తే ముందు ఈ రెండు చోట్లా చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం అది మామూలే, దాన్ని ముట్టుకోకండి.

ఇందులో ఆ యాప్ రాసినవాళ్ల తప్పు లేకపోవచ్చు. వాళ్లకి తెలియకుండానే వాళ్ల పేరుతో ఇలాంటివి జరుగుతాయి. 2015లో ఫొటోలు ఎడిట్ చేసే ఉచిత యాప్ గింప్‌కి జరిగింది ఇదే. ఇన్‌స్టాలర్లలో ప్రకటనలు చేర్చే పద్ధతి నచ్చక గింప్ వాళ్లు 2013లోనే సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్ నుంచి బయటికొచ్చారు. తర్వాత సోర్స్‌ఫోర్జ్ ఆ పాత పేజీని తన చేతిలోకి తీసుకుని, విండోస్ ఇన్‌స్టాలర్‌కి ప్రకటనల సాఫ్ట్‌వేర్ తగిలించి పంచింది. గొడవయ్యాక ఆపేసింది. 2016లో వచ్చిన సోర్స్‌ఫోర్జ్ కొత్త యజమానులు ఇన్‌స్టాలర్లలో ప్రకటనలు చేర్చే ఆ కార్యక్రమాన్నే ఎత్తేశారు.

మంచి పేరున్న చోట కూడా ప్రమాదం ఉంటుంది. 2016 ఆగస్టులో ఫాస్‌హబ్ అనే డౌన్‌లోడ్ సైట్‌లోకి హ్యాకర్లు చొరబడి, స్టార్ట్ మెనూ మార్చే క్లాసిక్ షెల్ యాప్ సెటప్ స్థానంలో నకిలీ పెట్టారు. స్టార్ట్ మెనూ మార్చుకుందామని దాన్ని నడిపినవాళ్ల డిస్క్‌లో బూట్ రికార్డ్ (కంప్యూటర్ ఆన్ అవగానే విండోస్‌ని మొదలుపెట్టే భాగం) చెరిగిపోయి విండోస్ మొదలవ్వలేదు. అసలు సెటప్‌కి డిజిటల్ సంతకం (ఫైల్ ఎవరు తయారుచేశారో చూపే గుర్తు) ఉండేది, నకిలీకి లేదు. ఇక 2022లో గూగుల్‌లో గింప్ అని వెతికితే పైన ఒక ప్రకటన వచ్చేది. చూపించే చిరునామా గింప్ వాళ్లదే, నొక్కితే వెళ్లేది మాత్రం నకిలీ సైట్‌కి. అక్కడ దిగే ఫైల్ పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం. అందుకే నా మాట ఒక్కటే: సెర్చ్‌లో పైన ‘ప్రకటన’ అని ఉన్న లింక్ నుంచి ఏ సాఫ్ట్‌వేరూ దించుకోకండి.

యాప్ తయారుచేసినవాళ్ల సొంత సైట్‌కి గానీ, గిట్‌హబ్‌లో (చాలామంది తమ యాప్‌ల కోడ్ పెట్టే సైట్) వాళ్ల రిలీజుల పేజీకి గానీ, మైక్రోసాఫ్ట్ స్టోర్‌కి గానీ వెళ్లండి. ఫైల్ దిగాక రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ ఉందేమో చూడండి. లేనంత మాత్రాన అది చెడ్డదని కాదు. ఆ సంతకానికి కావాల్సిన సర్టిఫికెట్‌కి డబ్బు ఖర్చవుతుంది కాబట్టి ఉచితంగా పనిచేసే చాలామంది తీసుకోరు, అందుకే వాళ్ల మంచి యాప్‌లకి కూడా విండోస్ నీలి రంగు పెట్టెలో హెచ్చరిక చూపిస్తుంది. ఎప్పుడూ సంతకంతో వచ్చే యాప్ ఈసారి సంతకం లేకుండా వస్తేనే అనుమానించాలి. ఫైల్‌ని చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో వేసి చూడటం మంచిదే, కానీ కొత్తగా పుట్టిన నకిలీ అక్కడ పట్టుబడకపోవచ్చు. విండోస్ ప్రో ఉన్నవాళ్లకి శాండ్‌బాక్స్ (అసలు విండోస్‌ని తాకకుండా యాప్ నడిపే విడి కిటికీ) ఉంటుంది, మూసేయగానే అందులో జరిగిందంతా చెరిగిపోతుంది. తెలియని యాప్‌ని ముందు అక్కడ నడిపి చూడండి. హోమ్ ఎడిషన్‌లో ఆ సౌకర్యం లేదు.

రెయిన్‌మీటర్ వాడేవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. డెస్క్‌టాప్ మీద గడియారం లాంటివి చూపించే రెయిన్‌మీటర్ మంచి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) యాప్, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు. దాని రూపం మార్చే స్కిన్ అంటే ఏదో బొమ్మే కదా అనుకుని ఎక్కడ పడితే అక్కడ దించుకోకండి. స్కిన్ ప్యాకేజీలో ప్లగిన్లు (యాప్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాములు) ఉండొచ్చు, స్కిన్ నుంచే వేరే ప్రోగ్రాములు నడిపించొచ్చు.

నిజంగా ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి. రంగు కోడ్ కోసం మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోనే కలర్ పికర్ ఉంది. కదిలే వాల్‌పేపర్లకి లైవ్లీ వాల్‌పేపర్, గీతల డిజైన్‌కి ఇంక్‌స్కేప్, బొమ్మలు వేయడానికి క్రిటా ఉన్నాయి. ఇవన్నీ ఓపెన్ సోర్స్, వీటి సొంత సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి (క్రిటాని మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో మాత్రం డబ్బుకి అమ్ముతారు). తెలియని సైట్‌లో వీటి పేరుతో ఎవరైనా కార్డు నంబర్ అడిగితే ఆ పేజీ మూసేయండి.

ఇప్పటికే అనుమానం ఉన్న ఫైల్ నడిపి ఉంటే ముందు నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ నుంచి మార్చకండి, వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. మెయిల్‌తో మొదలుపెట్టండి, తర్వాత బ్యాంకు. పాస్‌వర్డ్ మారిస్తే చాలదు, అన్ని డివైజుల నుంచీ లాగవుట్ చేయాలి. ఈ రకం దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లు గుర్తుపట్టే చిన్న సమాచారం) కూడా ఎత్తుకెళ్తాయి, అవి చేతిలో ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలరు. ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. చివరగా, ఆ నకిలీ పేజీ చిరునామాని అసలు యాప్ తయారుచేసినవాళ్లకి పంపండి. తమ పేరు అలా వాడుతున్నారని చాలాసార్లు వాళ్లకే తెలియదు.