సిమ్మేరియా: కోనన్ ఇంటికి పోయిన కథ, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది

ఈ పుస్తకం కోసం మస్తు రోజుల నుంచి చూస్తున్న. ఒకసారి ఆన్‌లైన్‌ల ఆర్డర్ పెడితే మూల నలిగిపోయి, అట్ట మడత పడి వచ్చింది, ఆ అమ్మినాయనకు ఫొటోలు పంపి వాపస్ చేసిన, పైసలు రావడానికే మూడు వారాలు పట్టింది. ఇగ వదిలేసిన అనుకున్న టైంల మొన్న ఆదివారం ఆబిడ్స్ పోతే ఇంజనీరింగ్ గైడ్ల కట్ట కింద కనిపించింది, నాలుగు వందల యాభై చెప్పిండు, మూడు వందల యాభైకి ఇచ్చిండు. పేజీలన్నీ అక్కడనే కూర్చొని చెక్ చేసుకున్న, ఒక్కటి కూడా చిరగలేదు.

పుస్తకం పేరు 'సిమ్మేరియా', ఇంగ్లిష్ కామిక్, అంటే బొమ్మల కథ. అమెరికా కామిక్స్ కంపెనీ డార్క్ హార్స్ వాళ్లు 2008లో మొదలుపెట్టిన 'కోనన్ ద సిమ్మేరియన్' సిరీస్‌ల మొదటి కథ, 0 నుంచి 7 దాకా ఇష్యూలు ఒక్క దగ్గర కుట్టి 2009లో తెచ్చిన్రు. రాసింది టిమోతీ ట్రూమన్. కథ చెప్పాలంటే ఒక్క ముక్కలో అయిపోతది, దేశాలు తిరిగి, దొంగతనాలు చేసి, కిరాయి సైనికునిగ యుద్ధాలు చేసి అలిసిపోయిన కోనన్ అనే యోధుడు తను పుట్టిన సిమ్మేరియా కొండలకు వాపస్ వస్తడు. అంతే. కానీ ఆ 'వాపస్ రావుడు' ఎంత కష్టమో చెప్పిన తీరు ఉంది చూడుండ్రి, దానికోసమే ఈ రివ్యూ రాస్తున్న.

ఇక్కడ ఒక సంగతి తెలిస్తే పుస్తకం ఇంకా మంచిగ అర్థమైతది. కోనన్‌ను పుట్టించిన రాబర్ట్ ఇ. హోవర్డ్ టెక్సాస్ మనిషి, 1906లో పుట్టి 1936లో 30 ఏళ్లకే పోయిండు. మొదటి కోనన్ కథ 1932 డిసెంబర్‌ల వియర్డ్ టేల్స్ పత్రికల వచ్చింది. అన్ని కథలు రాసిండు కదా, ఒక్కటంటే ఒక్క కథ కూడా సిమ్మేరియాల జరగదు! ఎప్పుడూ కోనన్ నోట వినుడే, మబ్బులు, చీకటి అడవులు, నవ్వని మనుషులు అని. అదే 1932 ఫిబ్రవరిల ఒక పద్యం మాత్రం రాసిండు సిమ్మేరియా మీద, టెక్సాస్‌ల ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి పైన కొండలను చలికాలం వాన మంచుల చూసింది యాదికి వచ్చి. ఆ పద్యంతోనే ఈ కామిక్ మొదలైతది. అంటే హోవర్డ్ ఖాళీగ వదిలిన జాగల ట్రూమన్ ఇల్లు కట్టిండు అన్నట్టు.

ఇంకొకటి తాత ముచ్చట. కోనన్ తాత దక్షిణం దిక్కు తెగ నుంచి వచ్చినోడు, వయసుల ఉన్నప్పుడు నాగరిక రాజ్యాల మీద దాడులకు పోయినోడు, ఆయన చెప్పిన కథలు వినే కోనన్‌కు బయట లోకం చూడాలని పుట్టి ఉండొచ్చని హోవర్డే ఒక ఉత్తరంల రాసిండు. ట్రూమన్ ఆ ఒక్క మాట పట్టుకొని తాతకు కోనాక్ట్ అని పేరు పెట్టి, మనవని ప్రయాణం నడుమ తాత జవానీ ప్రయాణాలు అల్లిండు. మనవని పేజీలు అర్జెంటీనా ఆర్టిస్ట్ తొమాస్ జొరేల్లో గీసిండు, పెన్సిల్ గీతల మీదనే రంగులు వేసిన్రు, అందుకే కొండలు, పొగమంచు తడితడిగ కనపడ్తయ్. తాత పేజీలు రిచర్డ్ కోర్బెన్ గీసిండు, బొద్దు బొద్దు ముఖాలు, మట్టితో చేసినట్టు ఉండే ఒళ్లు, చూడంగనే వేరే మనిషి చెయ్యి అని తెలుస్తది. మొదట నాకు కొంచెం అడ్డం వచ్చింది కానీ రెండోసారి చదివినప్పుడు అర్థమైంది, తాత కథలు మనకు అట్లనే కదా గుర్తుంటయ్, అసలు కంటె లావుగ, అసలు కంటె పెద్దగ.

మాది సిరిసిల్ల. మా తాత వయసుల ఉన్నప్పుడు భీవండి పోయి సాంచెలు (మరమగ్గాలు) నడిపిండు, ముసలితనంల వాపస్ వచ్చిండు. సాయంత్రం గద్దె మీద కూర్చొని బీడీ వెలిగించి భీవండి ముచ్చట్లు చెప్పేటోడు, ఒకే ఖోలీల పన్నెండు మంది పండుకునుడు, వానకాలం మోకాలు లోతు నీళ్లల్ల డ్యూటీకి పోవుడు, చెప్పుకుంట చెప్పుకుంట ఆయన బొటనవేలు, చూపుడువేలు తెగిన పోగు ముడి వేస్తున్నట్టు వాటంతట అవే కదిలేటియి. అవి విన్నందుకే నాకు ఊరు దాటాలని పుట్టింది, ఇప్పుడు పదకొండేండ్ల సంది హైదరాబాద్ల ఉంటున్న. బతుకమ్మకు ఇంటికి పోతే అందరూ మంచిగనే మాట్లాడుతరు, కానీ 'ఎన్ని రోజులుంటవ్?' అనే మొదలు అడుగుతరు. కోనన్ కూడా అట్లనే, కొండలు మారలే, వీడు మారిండు. ఇంటికి చేరినా చుట్టంలెక్కనే ఉన్నడు.

సిమ్మేరియా వాళ్ల దేవుడు క్రోమ్ సంగతి కూడా చెప్పాలె. మనం పోశమ్మకు సాక పోసి, బిడ్డ జ్వరం తగ్గాలె తల్లీ అని మొక్కుతం. వాళ్ల క్రోమ్ కొండ మీద కూర్చుంటడు, మొక్కినా పలకడు, పుట్టినప్పుడు గుండెల ఇంత బలం పోస్తడు, అంతే, తర్వాత నీ బతుకు నీది. అట్లాంటి దేవుడున్న ఊరు ఎట్లుంటదో, అక్కడ మనుషులు ఎందుకు అంత తక్కువ మాట్లాడుతరో ఈ పుస్తకం చదివితే తెలుస్తది.

లోపాలు లేవా అంటే ఉన్నయ్. నడుమ కథ సాగుతది, కోనన్ దగ్గర ఉత్కంఠ పెరిగినప్పుడల్లా తాత కథలకు పోవుడు కొందరికి విసుగు పుట్టిస్తది. నరుకుడు, రక్తం గట్టిగనే ఉంటయ్, చిన్నపిల్లల చేతికి ఇయ్యకుండ్రి. మాటలు పాతకాలం ఇంగ్లిష్, అలవాటు లేకపోతే మొదటి ఇరవై పేజీలు మెల్లగ నడుస్తయ్. విఠలాచార్య జానపదాలు, చందమామ సీరియల్స్ ఇష్టమున్నోళ్లకు మాత్రం ఇంటి తిండి లెక్క ఎక్కుతది, అక్కడ రాకుమారుడు గెలిచి సింహాసనం ఎక్కుతడు, ఇక్కడ గెలిచినా కూర్చోనీకి జాగ దొరకదు, అదొక్కటే ఫరక్.

కొనాలనుకునేటోళ్లకు: కోనన్ కామిక్ హక్కులు 2019ల మళ్లీ మార్వెల్ కంపెనీకి పోయినయ్, 2023 నుంచి కొత్త కథలు టైటాన్ అనే ఇంకో కంపెనీ వాళ్లు తెస్తున్నరు, కాబట్టి ఈ ఎడిషన్ పాత పుస్తకాల బజారులనే వెతుక్కోవాలె. కోనన్ అసలే తెలియనోళ్లు దీంతోని మొదలుపెట్టకుండ్రి, ముందు రెండు మూడు కథలు చదవుండ్రి, వాడు ఎంత తిరిగిండో తెలిస్తేనే వాపస్ వచ్చుడు తగులుతది. నా లెక్కల ఐదుకు నాలుగున్నర.

పోయిన వారం ఊరికి తీస్కపోయిన. మా బాపుకు ఇంగ్లిష్ రాదు, బొమ్మలే తిప్పుకుంట చూసిండు, కోర్బెన్ పేజీల దగ్గర ఆగి 'ఈయన ఎవరురా' అన్నడు, వాళ్ల తాత బాపూ, బయటి దేశాలు తిరిగొచ్చిండు అన్న. కళ్లద్దాలు సదురుకొని ఆ పేజీలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసిండు. పుస్తకం అక్కడనే ఉంచమన్నడు, ఉంచి వచ్చిన. వచ్చే ఆదివారం ఇంకో కాపీ కోసం ఆబిడ్స్ పోవాలె.