పంటి డాక్టరంటే వణికేవాళ్ళకి: అరండల్‌పేటలో నేను వెళ్ళిన క్లినిక్

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు ఇవ్వలేదో చివర్లో చెప్తాను.

ఏసీ, అక్వేరియం చూసి ఇచ్చిన స్టార్లు కావివి. గుంటూరులో ఇప్పుడు ఏ క్లినిక్‌లో చూసినా అవే. చేపల్ని ఎంతసేపు చూసినా నా భయం ఇసుమంత కూడా తగ్గలేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో మత్తు సరిగ్గా ఎక్కకముందే నా పన్ను పీకేశారు. అప్పట్నుంచీ లవంగ నూనె వాసన తగిలితే చాలు, చేతులు చల్లబడిపోతాయి. పళ్ళ డాక్టర్ల దగ్గర వచ్చే వాసనా అదే కదా, టెంపరరీగా పెట్టే సిమెంట్‌లో లవంగంలో ఉండే యూజెనాల్ కలుపుతారు. ఈసారి కింది దవడ పన్ను పుచ్చి, రాత్రిళ్ళు చెవిదాకా లాగేస్తుంటే మా ఆడపడుచు బలవంతాన ఆటో ఎక్కించింది.

పేరు రాసుకున్నాక చేతికో కాగితం ఇచ్చారు. రేపు పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, బయట కూర్చుంటే ఎలా ఉంటుంది, డ్రిల్ పెడితే, క్లీనింగ్ చేస్తే, చిగురుకి సూది ఇస్తే ఎలా ఉంటుంది అని ఐదు ప్రశ్నలు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 19, ఆపైన వస్తే భయం బాగా ఎక్కువన్నట్టు. 1995 నుంచీ వాడుకలో ఉన్న పద్ధతేనట. నాకు 25కి 22 వచ్చాయి. చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ చూడని మార్కులు!

డాక్టరమ్మ చిన్న వయసే. ఆ కాగితం చూసి నవ్వలేదు, అది నాకు నచ్చింది. కుర్చీ వెనక్కి వాల్చకుండానే, ఎదురుగా కూర్చుని మాట్లాడింది. ఆ రోజు ఎక్స్‌రే తీసి, నొప్పికి మాత్రలు రాసి పంపేసింది. "రూట్ కెనాల్ పొద్దున్నే పెట్టుకుందాం అమ్మా. సాయంత్రమైతే రోజంతా దాని గురించే ఆలోచిస్తారు. టిఫిన్ తినే రండి" అంది.

అసలు సంగతి సూది దగ్గరుంది. ముందు చిగురు తుడిచి, జెల్ రాసి, అది పనిచేసేదాకా ఆగింది. సూది గుచ్చినప్పటికంటే మందు గబగబా ఎక్కించినప్పుడే ఎక్కువ నొప్పి పుడుతుందట, అందుకని చాలా నిదానంగా ఎక్కించింది. "ఇందులో అడ్రినలిన్ ఉంటుంది, కాసేపు గుండె దడదడలాడొచ్చు, కంగారుపడకండి" అని ముందే చెప్పింది. నిజంగానే దడ వచ్చింది, కాసేపటికి పోయింది. ఆ ముక్క చెప్పకపోయుంటే గుండెపోటే అనుకుని కుర్చీలోంచి లేచి పరిగెత్తేదాన్ని. పెదవి, నాలుక ఒక పక్కంతా మొద్దుబారాక, పనిముట్టుతో గుచ్చి చూపించి మరీ మొదలుపెట్టింది.

ఇంకోటి, ఎడమ చెయ్యి. "ఏమాత్రం ఇబ్బందైనా ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తా" అంది. ఆవిడ కుడిపక్కన కూర్చుంటుంది కాబట్టి కుడి చెయ్యి ఎత్తితే డ్రిల్‌కి తగులుతుందట. ఇలా చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, నిజంగా ఆపుతారా అన్నదే నా అనుమానం. నరం దగ్గరికి రాగానే జివ్వుమంది, చెయ్యి ఎత్తాను. ఆ క్షణమే డ్రిల్ ఆగింది. "ఇంకొక్క నిమిషం ఓర్చుకోండి" లాంటి మాటల్లేవు. లోపల నరం బాగా వాచి ఉంటే, అందులోనూ కింది దవడ పళ్ళకి, ఒకసారికి మత్తు చాలదని చెప్పి, ఇంకాస్త మందు ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ తర్వాత నొక్కుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. ఒకసారి ఊరికే, నిజంగా ఆపుతుందో లేదో చూద్దామని కూడా ఎత్తాను. ఆపింది.

పంటి చుట్టూ నీలం రంగు రబ్బరు షీటు బిగిస్తారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నీళ్ళు గొంతులోకి పోవు. ముక్కుతో గాలి పీల్చుకోవడం ముందే ఒకసారి చేయించింది.

ఇక ఐదో స్టార్ సంగతి. చెప్పిన టైముకి లోపలికి పిలవలేదు, ముప్పావుగంట పైనే కూర్చోబెట్టారు. భయపడేవాళ్ళకి అంతకంటే శిక్ష లేదు. పైగా వెయిటింగ్ హాలుకీ లోపలి గదికీ మధ్య ఒక్క గాజు తలుపే, డ్రిల్ కూత అంతా వినిపిస్తుంది. రిసెప్షన్‌లో అబ్బాయైతే "ఇంతోటి దానికి భయమేంటి ఆంటీ" అన్నాడు. డాక్టరమ్మ కష్టపడి చేసిందంతా ఈ ఒక్క మాటతో పోతుంది, ఆ అబ్బాయికి ఎవరైనా చెప్పండి.

ముక్కుకి మాస్క్ పెట్టి ఇచ్చే నవ్వు గ్యాస్ ఇక్కడ లేదు. అది కావాలంటే ముందే వేరేచోట వాకబు చేసుకోవాలి. ఇక్కడికే వెళ్ళేట్టయితే ఫోన్‌లోనే భయం సంగతి చెప్పి, మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్ళు ఆ చీటీలు పట్టుకెళ్ళండి. మత్తు దిగడానికి రెండు మూడు గంటలు పడుతుంది, ఈలోపు ఏమీ నమలకండి, తెలియకుండానే పెదవి కొరికేసుకుంటారు. రూట్ కెనాల్‌కి 4,000 తీసుకున్నారు, క్యాప్‌కి వేరే. కార్డు తీసుకోరు, ఫోన్‌పే గానీ క్యాష్ గానీ ఇవ్వాలి.