ఉదయగిరి దుర్గం, భైరవకోన: పన్నెండు మందితో రెండు రోజుల టూర్, నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, వెళ్లండి. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగే టూర్ ఇది. కాకపోతే డబ్బు కట్టే ముందు వాళ్లని గట్టిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి కూడా దాచకుండా రాస్తున్నా. రెండు రోజుల్లో మాకు దొరికిన మంచి అంతా గైడ్ గారి పుణ్యం, పడిన ఇబ్బంది అంతా టైం సరిగా చూసుకోకపోవడం వల్ల.

నెల్లూరులో శనివారం తెల్లవారుజామున బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేర్చే టూర్. పన్నెండు మందికి మించి ఎక్కించుకోరు. ఒక టెంపో ట్రావెలర్, ఒక డ్రైవర్, ఒక గైడ్. మొదటి రోజు నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కొండ మీది కోట, రెండో రోజు భైరవకోన గుహాలయాలు. మనిషికి 3,500 తీసుకున్నారు, అందులోనే రాత్రి బస, తిండి అన్నీ. మాతో పాటు కావలి నుంచి వయసైన భార్యాభర్తలు, ఒంగోలు నుంచి ఒక కుటుంబం, ఆర్కిటెక్చర్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు, మిగతా అందరం నెల్లూరు వాళ్లమే. గైడ్ గారు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైర్ అయిన మనిషి, అందరం మాస్టారు అనే పిలిచాం.

మన జిల్లాల్లో హంపి చూడనివాళ్లు తక్కువ, మహాబలిపురం అయితే స్కూల్ రోజుల్లోనే తీసుకెళ్లి ఉంటారు. ఉదయగిరి కొండెక్కిన వాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పండి? బస్సులో ఆ దారిన పోతూ అదిగో దుర్గం అని చెయ్యెత్తి చూపించి ఊరుకుంటాం. హంపికి నేను పెద్ద గ్రూపుతో వెళ్లాను, యాభై మంది ఒకే గైడ్ వెనక పోవడం, ముందున్న పదిమందికి వినపడేది, వెనకున్న వాళ్లు ఫోటోలు తీసుకుంటూ ఉండేవాళ్లు. అదే హంపిలో కృష్ణాలయం ముందు నిలబడి కూడా, ఆ గుడికి మన ఉదయగిరితో ఉన్న సంబంధం గురించి నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఈ టూర్‌లో తెలిసింది.

కొండ కింద ఎక్కడం మొదలుపెట్టకముందే మాస్టారు మమ్మల్ని ఆపేశారు. "శత్రువులు మీరే అనుకోండి. పైన కోట ఉంది. ఎటు నుంచి ఎక్కుతారు, చెప్పండి" అన్నారు. అందరం తలెత్తి చూశాం. సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తు కొండ, చాలా చోట్ల నిట్టనిలువు బండ, కాలు పెట్టడానికి వీలున్న ప్రతి చోటా అడ్డంగా గోడ. ఒంగోలు వాళ్ల పిల్లవాడు అటు అన్నాడు, ఆర్కిటెక్చర్ అమ్మాయిలు ఇటు అన్నారు, ఆయన ప్రతి దారికీ ఆ దారిని కాసే బురుజు ఎక్కడుందో వేలెత్తి చూపించారు. ఆ తర్వాతే కథ మొదలుపెట్టారు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కొండని ముట్టడించాడు, అప్పుడు కోట ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉంది, లొంగదీయడానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో కోట పడింది. లోపల 10 వేల కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ, మనుషులు ఒకరి వెనక ఒకరు తప్ప పోలేని ఒకే ఇరుకు దారి ఉందనీ, రాయలు బండలు పగలగొట్టించి తన సైన్యానికి దారి వేయించాడనీ న్యూనిజ్ అనే పోర్చుగీసు ఆయన రాసి పెట్టాడట. కోట కాస్తున్న తిరుమల రౌతరాయ బందీ అయ్యాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయి, 1515లో కొత్తగా గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించాడు, ఆ సంగతి చెప్పే శాసనం ఆ గుడిలోనే ఉంది. ఇప్పుడు విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే మన దేవుడు హంపి వెళ్లి, అక్కడి నుంచి చెన్నై చేరాడన్నమాట. నాకు ఆ మాట విన్నప్పుడు నిజంగా మనసు బరువెక్కింది.

ఇదే కథ పుస్తకంలో చదివి ఉంటే రెండు నిమిషాల్లో పేజీ తిప్పేసేవాణ్ణి. ఎక్కుతూ ఎక్కుతూ, ఆయాసం వచ్చిన చోట కూర్చుని, కింద ఊరిని చూస్తూ విన్నప్పుడు ఏడాదిన్నర ఎందుకు పట్టిందో కాళ్లకే తెలిసిపోయింది.

పైన కట్టడాలు చాలావరకు శిథిలమే, ఆ సంగతి తెలిసే వెళ్లాలి. ఒకప్పుడు కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కట్టడాలతో ఉండేదట ఈ కోట. ఇప్పుడు గోడలు, బురుజులు, గుడి మిగులు, మసీదు, కంప చెట్లు. చెప్పేవాళ్లు లేకపోతే పది నిమిషాల్లో "ఏముందిక్కడ" అని దిగొచ్చేస్తాం. మాస్టారు మాత్రం ఒక గోడ దగ్గరే మమ్మల్ని చాలాసేపు నిలబెట్టారు. పైపూత ఊడిపోయిన చోటు అది. దగ్గరికి పిలిచి, ముట్టుకోకుండా చూడమన్నారు. లోపల రాయి, ఇటుక, వాటి మధ్య వేలి మందం సున్నం. దాని మీద ఇసుక ఎక్కువున్న గరుకు గచ్చు, దాని మీద మళ్లీ మెత్తటి సున్నం పూత, గోరంత మందం కూడా లేదు, ఎండ పడుతుంటే ఇప్పటికీ నున్నగా మెరుస్తోంది. సున్నం గానుగలో ఆడించి, నానబెట్టి, పొర మీద పొర వేసి రుద్దితే గానీ ఆ నునుపు రాదని చెప్పారు. ఆర్కిటెక్చర్ అమ్మాయిల్లో ఒకరు "సార్, సిమెంట్ గోడకి ఇన్నేళ్ల తర్వాత ఈ మెరుపు ఉంటుందా" అని అడిగితే, ఆయన సిమెంట్‌కీ సున్నానికీ ఉన్న తేడా, సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని మెల్లమెల్లగా మళ్లీ రాయిలా మారడం, అంతా ఓపిగ్గా వివరించారు. యాభై మంది గ్రూపులో ఆ ప్రశ్న అడిగే వీలే ఉండదు, అడిగినా జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

నాకు బాగా నచ్చిన ఇంకో విషయం, ఆయన ఎవరి కాలాన్నీ తొక్కేయలేదు. విజయనగరం గురించి ఎంత శ్రద్ధగా చెప్పారో గోల్కొండ వాళ్ల మసీదు దగ్గర అంతే శ్రద్ధగా కమానులు, మినార్లు చూపించారు. ఆర్కాటు నవాబులు దీన్ని జాగీరుగా ఇచ్చారనీ, 1839లో కుట్ర చేశాడని ఇంగ్లీషు వాళ్లు ఆఖరి జాగీర్దారుని పట్టుకుని చెంగల్పట్టు పంపేశారనీ చెప్పారు. ఒకే కొండ మీద ఇంతమంది చేతిపని ఉంది, దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడం గైడ్లందరికీ చేతకాదు.

ఇప్పుడు ఇబ్బందులు. ఎక్కడం ఆలస్యంగా మొదలైంది. ఆత్మకూరులో కారం దోశ తిన్నాం, దోశ చాలా బాగుంది, కానీ అక్కడ గంటకు పైగా పోయింది, కొండ కింద దిగేసరికి ఎండ ముదిరింది. ఆ కొండకి వెలుగు రాకముందే చేరుకోవాలి, టిఫిన్ పొట్లాలు కట్టించి బండిలో పెడితే సరిపోయేది. కావలి పెద్దవాళ్లు సగం దారిలో కూర్చుండిపోయారు. గైడ్ ఒక్కరే, ఆయన వాళ్ల దగ్గర ఉండాలా మాతో రావాలా? చివరికి మాలో ఒకాయన వాళ్లతో ఆగిపోయి పైకి రాలేదు, ఆయన కూడా అంతే డబ్బు కట్టాడు కదా. ఉదయగిరిలో ఆ కొండ గట్టూ పుట్టా తెలిసిన కుర్రాళ్లు బోలెడంత మంది ఉంటారు, ఒకరిని తోడు పెట్టుకుంటే ఊరికి ఒక రోజు కూలీ వస్తుంది, టూర్ వాళ్లకి టెన్షన్ తగ్గుతుంది. బుకింగ్ అప్పుడు "కొంచెం నడక ఉంటుంది" అన్నారు. అది కొంచెం నడక కాదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి ఆ మాట ముందే సూటిగా చెప్పాలి. పైన బాత్రూంలు లేవన్న సంగతి ఆడవాళ్లకి ముందు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు, మా ఆవిడ, ఆ అమ్మాయిలు నీళ్లు తాగడానికే భయపడ్డారు, ఆ ఎండలో అది ప్రమాదం. దిగేటప్పుడు చీకటి పడింది, ఫోన్ లైట్లతో దిగాం.

ఇంకొకటి. అందరికీ ఇచ్చిన నాలుగు పేజీల కాగితం, ప్లాన్ బొమ్మలు అన్నీ ఇంగ్లీషులోనే. నెల్లూరు నుంచి మన జిల్లాలే చూడ్డానికి పోతున్న తెలుగువాళ్లకి తెలుగులో ఒక్క కాగితం ఇవ్వలేరా? మాస్టారు నోటితో ఇంత చక్కటి తెలుగులో చెప్తుంటే చేతిలో కాగితం ఎవరి కోసమో అన్నట్టు ఉంది. తిరిగొచ్చాక ఫోన్ చేసి ఈ మాట చెప్పాను, మార్పిస్తాం అన్నారు.

రాత్రి బస మామూలుగా ఉంది, శుభ్రంగా ఉంది. పొద్దున్నే ఊళ్లో చెక్క గరిటెలు చేసే చోటికి తీసుకెళ్లారు. ఉదయగిరి చెక్క స్పూన్లకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి వస్తువు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది, పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, ఆకురాయితో అరగదీసే ఆ వేళ్ల వేగం చూడాల్సిందే. కొనమని ఎవరూ బలవంతం పెట్టలేదు. మేం అట్లకాడ, రెండు గరిటెలు కొన్నాం.

భైరవకోన గురించి ఎంత రాసినా తక్కువే. సీతారామపురం మీదుగా వెళ్లాం, సీఎస్‌పురం మండలం అంబవరం కొత్తపల్లి దాటితే కొండల మధ్యకి దారి పోతుంది. 200 అడుగుల పైనుంచి దూకే జలపాతం, పక్కనే బండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, ఎనిమిదింటిలోనూ శివుడే. జనం ఎక్కువగా జలపాతం చూసి, స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గుహల ముందు నిదానంగా నిలబడితే కనిపించేది వేరు.

నిన్నటి గోడ గుర్తుందా అని అడిగారు మాస్టారు. నిన్న చూసింది రాయి మీద రాయి పేర్చి, సున్నం పెట్టి కట్టింది, ఇక్కడ పేర్చినది ఏదీ లేదు, అక్కర్లేని రాయిని తీసేస్తే మిగిలిందే గుడి. పల్లవ రాజు మహేంద్రవర్మ తమిళనాడులోని మండగపట్టు శాసనంలో, ఇటుక లేకుండా, కర్ర లేకుండా, లోహం లేకుండా, సున్నం లేకుండా ఈ ఆలయం చేయించానని చెప్పుకున్నాడట. భైరవకోన స్తంభాల్లో ఆ పల్లవుల పోలిక స్పష్టంగా ఉంది. స్తంభం అడుగున సింహం కూర్చుని ఉంటుంది, దాని తల మీద నుంచి స్తంభం లేస్తుంది, మహాబలిపురంలో చూసినవాళ్లకి వెంటనే గుర్తొస్తుంది. గుమ్మానికి అటూ ఇటూ ద్వారపాలకులు.

గుహలు చిన్నవి. ఒక్కో దాని ముందు నలుగురు నిలబడితే ఐదో మనిషికి చోటుండదు, అందుకే మమ్మల్ని నలుగురేసి మూడు జట్లు చేసి, చెప్పిందే మూడుసార్లు విసుక్కోకుండా చెప్పారు. టార్చ్‌ని ఎదురుగా వేయకుండా పక్క నుంచి వేసి చూపించారు. అప్పటిదాకా చదునుగా కనిపించిన గోడ మీద ఒక్కసారిగా ఉలి గాట్లు లేచాయి, ఒకే వాలులో, వరసగా, కొన్నిచోట్ల దగ్గర దగ్గరగా, మూల దగ్గర చేయి తిరగక దిశ మారి. ఒక్క దెబ్బ ఎక్కువ పడి సింహం మూతి ఎగిరిపోతే అతికించే దారి లేదు, స్తంభం విరిగితే ఇంకోటి తెచ్చి నిలబెట్టలేరు, పైకప్పు నుంచి కిందికి, బయట నుంచి లోపలికి లెక్క తప్పకుండా పోవాలి. ఎవరు చెక్కారో పేర్లు మనకి లేవు, ఆ గాట్లే ఉన్నాయి. కావలి పెద్దాయన, ముందు రోజు పైకి ఎక్కలేకపోయిన ఆయన, ఆ ఒక్క గోడ దగ్గర నుంచి కదల్లేదు.

ఆ గుహల దగ్గరే ఉన్న దుర్గమ్మ దగ్గర కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రకాంతి అమ్మవారి మీద పడుతుందని పూజారి గారు చెప్పారు. ఆయన్ని కూడా మాస్టారు కూర్చోబెట్టి మాట్లాడించారు, అదీ బాగుంది. ఒక్క బాధ ఏంటంటే, చెక్కడాల మీద నూనె, పసుపు, కుంకుమ మందంగా పేరుకుపోతున్నాయి. భక్తితోనే పూస్తున్నారు, కాదనను, కానీ దేవుడికి పూజ లోపల లింగానికి ఎలాగూ జరుగుతోంది, బయట సింహాలకి కూడా ముద్దలు ముద్దలుగా పెడితే కొన్నేళ్లకి ఆ ముక్కూ మూతీ కనపడకుండా పోతాయి. వెళ్లేవాళ్లు కనీసం మన చేత్తో పూయకుండా ఉందాం.

డబ్బు సంగతికి వస్తే, సొంతంగా కారు మాట్లాడుకుని నలుగురు వెళ్తే ఇంతకంటే కొంచెం తక్కువలో అయిపోతుంది. కానీ మాస్టారు ఉండరు. నేనైతే ఆ తేడా సంతోషంగా కడతాను. వెళ్లాలనుకునే వాళ్లు వానలు తగ్గాక, చలికాలంలో పెట్టుకోండి, జలపాతంలో నీళ్లూ ఉంటాయి, కొండ మీద ఎండా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఎంత తగ్గించి ఇస్తామన్నా ఉదయగిరి ఎక్కొద్దు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. మనిషికి రెండు లీటర్లకి తక్కువ కాకుండా నీళ్లు పట్టుకోండి. కొండ దగ్గరికి ఎన్నింటికి చేరుస్తారో, గైడ్‌కి తోడు మనిషి ఉంటాడో లేదో, ఆ రెండూ అడిగి తేల్చుకున్నాకే డబ్బు పంపండి.

తర్వాతి టూర్ గిద్దలూరు వైపు, రాచర్ల మండలం సత్యవోలులో బాదామి చాళుక్యుల కాలం నాటి గుళ్లు, అక్కడి నుంచి కంభం చెరువు అని చెప్తున్నారు. సత్యవోలులో భీమలింగేశ్వరుడి గుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుందని మాస్టారు బండిలోనే బొమ్మ గీసి చూపించారు. పేరు ఇచ్చేశాను. అక్కడ కొండెక్కే పని లేదు కాబట్టి ఈసారి మా అమ్మని కూడా తీసుకెళ్తున్నా.