ఎండ రాని ఇంట్లో ఏ మొక్కలు నిలిచాయి: కొన్నేళ్లు పెంచాక నా సమీక్ష

విజయవాడ సత్యనారాయణపురంలో మాది కింది అంతస్తు. హాలు కిటికీ తీస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ. మిట్టమధ్యాహ్నం కూడా పేపర్ చదవాలంటే ట్యూబ్‌లైట్ వెయ్యాల్సిందే. ఈ ఇంట్లో కొన్నేళ్లుగా మొక్కలు పెంచుతున్నాను. "నీడలో బ్రహ్మాండంగా ఉంటుందండీ" అంటూ నర్సరీ వాళ్లు చేతిలో పెట్టేవాటిలో నిజంగా ఉన్నవి కొన్నే.

వెలుగు లేకపోతే ఏ మొక్కా తిండి తయారు చేసుకోలేదు. నీడ మొక్క అంటే కాస్త వెలుగుతోనే సరిపెట్టుకునేది, అంతే. కిటికీ లేని బాత్రూంలో పెట్టుకుంటామంటే మాత్రం ప్లాస్టిక్ మొక్క కొనుక్కోవడం నయం.

నా మొదటి ర్యాంకు జెడ్‌జెడ్ ప్లాంట్‌కి. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. మట్టి కింద దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది కాబట్టి వేసవి సెలవులకి ఇల్లు తాళం వేసి వెళ్లినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. మా ఇంట్లో ఫ్రిజ్ పక్క మూలలో ఉంటుంది. రోహిణి కార్తె ఎండలకి మనం ఉడికిపోతుంటే అది మాత్రం నిగనిగలాడుతూ నిలబడి ఉంటుంది. పెరుగుదల మాత్రం బాగా నెమ్మది. నెలల తరబడి చలనం ఉండదు. ఆశ వదులుకున్నాక ఒకరోజు మట్టిని చీల్చుకుని లావుపాటి లేతాకుపచ్చ మొన బయటికొస్తుంది. ఆకులన్నీ దానికే ఒత్తుకుని చుట్టుకుని ఉంటాయి. అవి విప్పుకుని ముదురు రంగు తిరగడానికి వారాలు పడుతుంది. ఓపిక లేనివాళ్లకి ఈ మొక్క నచ్చదు.

స్నేక్ ప్లాంట్‌కి అంతకన్నా ఎక్కువ పేరుంది కానీ నేను రెండో స్థానమే ఇస్తాను. చావదు, నిజమే. కానీ మరీ నీడైతే కొత్త ఆకులు సన్నగా సాగి పక్కకి వాలిపోతాయి. పసుపు అంచు రకాన్ని ఆకు ముక్కలతో నాటితే పిల్లలకి ఆ అంచు రాదు, ఉత్త పచ్చవే వస్తాయి. అంచు కావాలంటే దుంపతో సహా విడదీయాలి. ఇక గాలిని శుభ్రం చేస్తుందన్న వాట్సాప్ ప్రచారం సంగతి. దానికి ఆధారంగా చూపించే 1989 నాటి నాసా పరిశోధన మూసేసిన చిన్న గదుల్లో చేసింది. తలుపులూ కిటికీలూ ఉన్న మామూలు ఇంటికి ఆ లెక్క పనికిరాదు. గాలి మార్పిడితో జరిగేపాటి శుభ్రత మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన ఒక సమీక్షలో తేల్చారు. మా హాల్లో అన్ని కుండీలు పెడితే ఇంక మనుషులు మేడ మీదే పడుకోవాలి.

మనీ ప్లాంట్ ఎలాగైనా బతికేస్తుంది. కాకపోతే ఆకు మీది పసుపు మచ్చలు తగ్గిపోతాయి, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది. తీగ చివర్లు కత్తిరించి మళ్లీ అదే కుండీలో గుచ్చితే గుబురుగా ఉంటుంది. పీస్ లిల్లీకి ఆకులు బాగానే ఉంటాయి, పువ్వు మీద ఆశ పెట్టుకోవద్దు. అరెకా పామ్, క్రోటన్ మా ఇంట్లో నిలవలేదు. వెలుగున్న వాళ్లకే వాటిని వదిలెయ్యండి.

ఇలాంటి ఇళ్లల్లో మొక్కలు పోయేది చీకటి వల్ల కంటే నీళ్ల వల్లే ఎక్కువ. వెలుగు తక్కువైతే మొక్క తాగేదీ తక్కువే. మా అత్తయ్య తులసికి పోసినట్టే పొద్దున్నే అన్నిటికీ తలో చెంబు పోసేవారు. వద్దంటే "పాపం, నోరులేనివి" అనేవారు. చివరికి ఆవిడ చేతికే ఆరిపోయిన అగరుబత్తి పుల్ల ఇచ్చాను. రెండంగుళాలు మట్టిలోకి గుచ్చి తియ్యాలి. పుల్లకి తడిమట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు లేవు. ఇప్పుడు ఆ పరీక్ష మాకంటే ఆవిడే కచ్చితంగా చేస్తారు. వానాకాలంలో కొన్ని కుండీలు వారాల పాటు తడారవు. మట్టి మీద సన్నటి నల్ల దోమల్లాంటి పురుగులు ఎగురుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం.

మన నర్సరీలకి మొక్కలు ఎక్కువగా కడియం వైపు నుంచే వస్తాయి. వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. ఆరుబయట పర్లేదు కానీ ఇంట్లో అది ఆరదు. తెచ్చాక కొన్నాళ్లు ఆగి, ఆ ముద్ద మెల్లగా వదిలించి, ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన దాంట్లోకి మార్చండి.

పాకే పిల్లలుంటే ఇంకో జాగ్రత్త. జెడ్‌జెడ్, మనీ ప్లాంట్, ఆకుల అందం కోసం పెంచే అగ్లోనిమా అన్నీ కంద, చేమ కుటుంబానివే. పచ్చి కందలో దురద పెట్టే ఆక్సలేట్ స్ఫటికాలే వీటిలోనూ ఉంటాయి. ఆకు కొరికితే నోరు మండుతుంది. కుండీలు ఎత్తు మీద పెట్టండి.

ఎర్ర అగ్లోనిమా మీద మనసు పడితే మాత్రం బల్బు పెట్టాల్సిందే. మేము మామూలు 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీని ఆకులకి అడుగు ఎత్తున పెట్టి రోజుకి పది గంటలు వెలిగిస్తున్నాం. నెలకి మూడు యూనిట్లు కూడా కాలదు, ఆకుల ఎరుపు నిలుస్తోంది. అదీ బరువనుకుంటే పచ్చ అగ్లోనిమా తెచ్చుకోండి, దానికి ట్యూబ్‌లైట్ వెలుగు చాలు.