విజయవాడలో నాలుగు రోజులుంటే కసరత్తు ఎక్కడ? బస, జిమ్, గాలి

పని మీద విజయవాడ వచ్చేవాళ్లు ముందు హోటల్ ఖాయం చేసుకుని ఆ తర్వాత జిమ్ వెతుక్కుంటారు. కసరత్తు మానకూడదనుకుంటే ముందు జిమ్ చూసుకుని, దానికి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో గది తీసుకోవాలి. సాయంత్రం బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో రెండు మూడు కిలోమీటర్లు ఆటోలో వెళ్లి, మళ్లీ తడిసిన బట్టలతో తిరిగిరావడమంటే రెండో రోజుకే విసుగొస్తుంది.

రైల్వే స్టేషన్, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు ప్రయాణానికి అనువే. కసరత్తు సంగతి చూస్తే మాత్రం మొగల్రాజపురం, లబ్బీపేట, పటమట, బెంజి సర్కిల్ వైపు ఉండటం మేలు. ఒక జిమ్ నచ్చకపోయినా పక్క వీధిలో ఇంకొకటి దొరుకుతుంది. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి వైపు రోడ్లు మళ్లిస్తారు, వన్‌టౌన్‌లో గదులూ దొరకవు. అప్పుడు పటమట వైపు తప్ప వేరే ఆలోచన వద్దు.

జిమ్‌లోకి వెళ్లగానే మెషిన్లు లెక్కపెట్టకండి, ముందు గాలి చూడండి. సముద్రం బందరు దగ్గర, డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్నా ఉక్కపోత మాత్రం ఇక్కడి దాకా వస్తుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే గానీ ఆరదు, అందుకే రోజూ ఎత్తే బరువుకే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు మొదటి మూడు నాలుగు రోజులు సెట్లు (ఆపకుండా చేసే విడతలు) మూడో వంతు తగ్గించి, మధ్య విరామం ఒక నిమిషం పెంచుకోవాలి. ఈ వాతావరణానికి ఒళ్లు పూర్తిగా అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, చిన్న ప్రయాణంలో అంత వ్యవధి ఉండదు.

ఏసీ బోర్డు చూసి మోసపోవద్దు. కిటికీలన్నీ మూసేసి, రెండు స్ప్లిట్ ఏసీల కింద ఇరవై మంది కసరత్తు చేస్తుంటే అరగంటలో గాలి బరువెక్కుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, గోడ ఫ్యాన్లు ఉండి రెండు వైపులా గాలి ఆడే హాలే జూలై నుంచి ఫిబ్రవరి దాకా నయం. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ తప్పదు. కరెంటు పోతే ఏసీ కూడా జనరేటర్ మీద నడుస్తుందా, లైట్లూ ఫ్యాన్లేనా అని అడగండి. ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతుండగా కరెంటు పోతే బెల్టు ఉన్నట్టుండి ఆగుతుంది, కాబట్టి పక్కనుండే పట్టుకునే కడ్డీకి చెయ్యి అందేలా పరిగెత్తండి. జిమ్ చూడటానికి మధ్యాహ్నం వెళ్లొద్దు. మీరు కసరత్తు చేయబోయే వేళకే, అంటే రాత్రి ఏడు గంటలకైతే ఏడు గంటలకే వెళ్లి పది నిమిషాలు నిలబడండి.

తర్వాత చూడాల్సింది బరువు ప్లేట్లు తగిలించే రాడ్. ఒలింపిక్ రాడ్ 20 కిలోలు, ప్లేట్లు ఎక్కే చివర 50 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చాలా చిన్న జిమ్‌లలో సన్న రాడ్లుంటాయి, వాటి బరువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. జిమ్‌లో బరువు చూసుకునే మిషన్ ఉంటే రాడ్ పట్టుకుని దానిమీద నిలబడి, మీ బరువు తీసేస్తే లెక్క తేలుతుంది. స్మిత్ మెషిన్ (రాడ్ పట్టాల మీద పైకీ కిందికీ మాత్రమే జరిగేది) రాడ్‌ను 20 కిలోలుగా లెక్కపెట్టకండి, చాలావాటిలో అంతకన్నా తక్కువే ఉంటుంది. ప్లేట్ల మీద కిలోలా, పౌండ్లా అన్నది కూడా చూడాలి. 45 పౌండ్ల ప్లేటు 20.4 కిలోలు. భుజాల మీద బరువుతో గుంజీలు తీసే స్క్వాట్ ర్యాక్‌కు, రాడ్ జారితే ఆపే సేఫ్టీ పిన్నులు లేకపోతే అక్కడ ఒంటరిగా భారీ బరువులు ఎత్తొద్దు. కేబుల్ మీద ప్లాస్టిక్ తొడుగు పగిలి లోపలి తీగ కనిపిస్తుంటే ఆ మెషిన్ ముట్టుకోవద్దు, తేమకు తుప్పు పట్టి తెగేది అక్కడే.

బెంచీల మీద చెమట ఆరదు కాబట్టి తామర భయం నిజమైనదే. రెండు తువ్వాళ్లు తీసుకెళ్లండి, ఒకటి బెంచీ మీదికి, ఒకటి ఒంటికి. వాటిని కలపొద్దు. తడిసిన బట్టలు బ్యాగులో మూటగట్టి వదిలేయకుండా గదికి రాగానే ఉతికి ఆరేయండి.

ఫోన్‌లో ఇలా అడిగితే చాలు: "అన్నా, ఊరి నుంచి పని మీద వచ్చాను, నాలుగు రోజులుంటాను. రోజు లెక్కన తీసుకుంటారా? అడ్మిషన్ ఫీజు కట్టాలా?" అడ్మిషన్ ఫీజు నెల కట్టేవాళ్లకే గానీ నాలుగు రోజుల వాళ్లకు కాదని నిక్కచ్చిగా చెప్పండి. ఒకరోజు ఫీజు నెల ఫీజులో పదో వంతు దాటితే ఇంకోచోట చూసుకోవడం నయం. చాలా జిమ్‌లు మధ్యాహ్నం మూసి సాయంత్రం నాలుగింటికి తెరుస్తాయి, ఆదివారం ఒంటిపూటో సెలవో ఉంటుంది. ఆడవాళ్లు ప్రత్యేక సమయాలు, లేడీ ట్రైనర్ ఉన్నారా అని ముందే అడగాలి. కొన్నిచోట్ల ఆ సమయం ఉదయం పది తర్వాతే, ఉద్యోగం మీద వచ్చినవాళ్లకు అది కుదరదు.

హోటల్ వెబ్‌సైట్‌లో "ఫిట్‌నెస్ సెంటర్" అని ఉంటే నమ్మి అదనంగా డబ్బు పెట్టకండి. రిసెప్షన్‌కు ఫోన్ చేసి వాట్సాప్‌లో ఫోటో పంపమనండి, డంబెల్స్ ఎన్ని కిలోల దాకా ఉన్నాయో అడగండి. పది కిలోలతో ఆగిపోతే అది నడకకూ ఒళ్లు వదులు చేసుకోవడానికే పనికొస్తుంది.

బరువులెత్తడం ఈ ఊరికి కొత్త కాదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు పేరే ఇక్కడి నగరపాలక సంస్థ ఇండోర్ స్టేడియానికి పెట్టారు. నడక, పరుగు మాత్రమే కావాలంటే బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియం వైపు తెల్లవారుజామునే వెళ్లండి. ఎండాకాలంలో ఆరున్నర దాటితే పరుగు వద్దు.

కసరత్తుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరున్నర దాకా నీళ్లు మెల్లగా తాగాలి. గంట దాటి బాగా చెమట పడితే ఉప్పు వేసిన మజ్జిగ గానీ, లీటరు ప్యాకెట్ ఓఆర్‌ఎస్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి గానీ తాగండి. సగం నీళ్లలో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. తల తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆపి చల్లటి చోటుకు వెళ్లి ఒంటి మీద నీళ్లు పోసుకోవాలి. మాట తడబాటు వడదెబ్బకు గుర్తు, ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు.

గుంటూరులో బస అయితే వెతుకులాట తేలిక. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లు, అడ్డరోడ్లు అంకెలతో ఉంటాయి. చిరునామాలో 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు, కాబట్టి గది నుంచి జిమ్ ఎంత దూరమో మ్యాపు లేకుండానే తెలుస్తుంది. పెద్ద హాలు, ఆటస్థలం కావాలంటే బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది. బయటివాళ్లను రోజువారీగా రానిస్తారో లేదో కౌంటర్‌లో అడిగాకే ఆ వైపు గది తీసుకోండి.